రేసు దగ్గర పడుతుంటే జ్వరం వస్తుందేమో అన్న టెన్షన్: ఏం చేయాలి, ఎలా చేయాలి

హైదరాబాద్‌లో నాలుగు చినుకులు పడితే చాలు, రన్నింగ్ గ్రూపుల్లో ఒకే ప్రశ్న రకరకాలుగా మొదలవుతుంది. "మా పాపకి స్కూల్లో జలుబు అంటుకుంది, నాకూ వస్తే నా ట్రైనింగ్ సంగతేంటి అన్నా?" "గొంతు గరగరలాడుతోంది, ఆదివారం 24 కిలోమీటర్లు ఉంది, పరుగెత్తనా మాననా?" "ఆఫీసులో పక్క సీటాయన తెగ దగ్గుతున్నాడు, సెలవు పెట్టేయనా?" ఇలా అడిగేవాళ్ళలో చాలామందికి అప్పటికి ఏ జబ్బూ ఉండదు. ఉన్నదల్లా భయం. నిద్ర పాడు చేసేది, ఇంట్లోవాళ్ళ మీద విసుక్కునేలా చేసేది, పరుగులో ఉన్న సరదా కాస్తా లాగేసేది అదే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ఈ భయం ఉత్తిదేమీ కాదు. హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో ఉంటుంది. 16 వారాల ప్లాన్ పట్టుకుంటే మే మొదట్లో ఎండలో మొదలుపెట్టి, వారానికి ఎక్కువ కిలోమీటర్లు పరుగెత్తే రోజులకి సరిగ్గా వైరల్ జ్వరాలు, డెంగీ ముదిరే జులైలోకి వస్తాం. పైగా పెద్దవాళ్ళకి ఏడాదికి సగటున రెండు మూడు సార్లు జలుబు చేస్తుంది. ఇంట్లో బడికెళ్ళే పిల్లలుంటే ఇంకా ఎక్కువ. అంటే నాలుగు నెలల ట్రైనింగ్‌లో ఒక్కసారైనా పడిశం పట్టడం మామూలే. రాకూడదని మొక్కుకోవడం కన్నా, వస్తే ఏం చేయాలో ఒంట్లో బాగున్నప్పుడే రాసి పెట్టుకోవడం మేలు. కింద చెప్పేదంతా దాదాపు ఆ ఒక్క పని గురించే.

ఇది ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని చూసుకుంటూ హాఫ్ మారథాన్‌కో (21 కిలోమీటర్లు) ఫుల్ మారథాన్‌కో (42 కిలోమీటర్లు) తయారవుతున్న మామూలు రన్నర్ల కోసం రాసింది. గుండె జబ్బు, షుగర్, ఆస్తమా ఉన్నవాళ్ళు, గర్భంతో ఉన్నవాళ్ళు ముందు మీ డాక్టరు మాట వినండి, ఆ తర్వాతే ఇది.

కావలసినవి

- ఒక తెల్లకాగితం, పెన్ను. ఫోన్‌లో రాసుకోవద్దు. ఫోన్ తెరిస్తే గూగుల్ అక్కడే ఉంటుంది, "గొంతు నొప్పి" అని కొట్టాలనిపిస్తుంది.
- డిజిటల్ థర్మామీటర్. ఒక్కటే చాలు. రెండుంటే రెండూ రెండు అంకెలు చూపిస్తాయి, ఇక ఆ రోజంతా అదే పని.
- సెకన్ల ముల్లున్న గడియారం, లేదా నాడి చూపించే వాచీ.
- మీ ట్రైనింగ్ ప్లాన్, ఈ నాలుగు నెలల క్యాలెండర్.
- పారాసిటమాల్ పట్టీ, నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు.
- ఇంటి దగ్గర చూసే డాక్టరు నంబరు.
- మీకు "ఇవాళ వద్దు" అని మొహం మీద చెప్పగల ఒక మనిషి. ఇంట్లోవాళ్ళైతే ఇంకా మంచిది. తోటి రన్నరైతే జాగ్రత్త. వాళ్ళకీ మీకున్న పిచ్చే ఉంటుంది.

1. ముందు మీ మామూలు ఎంతో తెలుసుకోండి

బాగున్న రోజుల్లో రెండు వారాల పాటు, పొద్దున లేవగానే మంచం మీద ఉండగానే నాడి నిమిషంపాటు లెక్కపెట్టి రాయండి. పక్కన నిద్ర ఎన్ని గంటలో రాయండి. అందులో నాలుగైదు రోజులు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి టెంపరేచర్ కూడా చూడండి.

ఇలా చూడమనడానికి ఒక కారణం ఉంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా తెల్లవారుజాము కన్నా సాయంత్రానికి ఒంటి వేడి కొద్దిగా పెరుగుతుంది. అది తెలియకపోతే 99 కనపడగానే కాళ్ళు చల్లబడతాయి. మా గ్రూపులో బ్యాంకులో పనిచేసే ఒకాయన రేసుకి నెల ముందు నుంచి థర్మామీటర్ లంచ్ బ్యాగులో పెట్టుకుని తిరిగేవాడు. పొద్దున 97.9, టిఫిన్ తర్వాత 98.4, మధ్యాహ్నం 98.8, ఆఫీసు నుంచి బండి మీద ఎండలో వచ్చాక 99.2. ఈ అంకెలన్నీ వరసగా రాసి "పెరుగుతోంది" అని మెసేజ్ పెట్టాడు. ఆ సాయంత్రం ఇంటర్వెల్స్ (మధ్యమధ్య ఆగుతూ వేగంగా తీసే పరుగులు) మానేశాడు. రాత్రి పదింటికి భయం పట్టలేక, నిజంగా జ్వరమో కాదో చూద్దామని కాలనీ చుట్టూ 10 కిలోమీటర్లు పరుగెత్తాడు. ఒకే రోజులో రెండు తప్పులు: మామూలు వేడిని జ్వరం అనుకోవడం, అనుమానం ఉన్న రోజునే ఒంటికి పరీక్ష పెట్టడం.

జ్వరం అంటే 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 38 సెల్సియస్, లేదా ఆపైన. ఈ అంకెను కాగితం మీద పైన రాయండి.

*తరచూ జరిగే తప్పు:* కాఫీ తాగాక, మెట్లు దిగాక నాడి చూడటం. ఇంకోటి, ఒళ్ళు ఎంత కోలుకుందో అంకెలో చెప్తానంటూ వాచీ చూపించే రికవరీ స్కోరునే జాతకంలా పొద్దున్నే చదవడం. స్కోరు తక్కువ చూపించిందని బాగున్న మనిషి నీరసపడిపోవడం నేను చాలామందిలో చూశాను. ఈ రెండు వారాలూ వాచీలో ఆ తెర ఆపేయండి, నాడి మాత్రం చూడండి.

*సరిగ్గా వచ్చిందా:* రెండు వారాల తర్వాత "నా నాడి 56 నుంచి 60 మధ్య, సాయంత్రం వేడి 99 దాకా వెళ్ళినా నాకది మామూలే" లాంటి ఒక వాక్యం మీరు రాయగలగాలి.

2. మూడు రంగుల కాగితం రాయండి

మొత్తంలో ముఖ్యమైన పని ఇదే. ఆదివారం లాంగ్ రన్ (వారంలో అన్నిటికన్నా ఎక్కువ దూరం పరుగు) అయ్యాక, కడుపునిండా తిని, మనసు కుదురుగా ఉన్నప్పుడు కూర్చోండి. ఒంట్లో బాగాలేనప్పుడు తీసుకునే నిర్ణయం ఎటో ఒకవైపు ఒరిగిపోతుంది. అయితే మొండిగా పరుగెత్తేస్తాం, లేకపోతే తుమ్ముకే వారం మానేస్తాం.

కాగితం ఇలా ఉంటే చాలు. మీ అంకెలు మీరు వేసుకోండి.

పచ్చ: ముక్కు కారడం, తుమ్ములు, గొంతులో కొద్దిగా గరగర. జ్వరం లేదు, ఆకలి వేస్తోంది. ఏం చేస్తాను? ప్లాన్‌లో ఉన్నదాంట్లో సగం, నిదానంగా. వేగం పరుగులు, మెట్లు, ఎత్తులు ఉండవు. మొదటి 10 నిమిషాల్లో ఒళ్ళు బరువెక్కితే వెనక్కి తిరుగుతాను.

పసుపు: ఫలానా నొప్పి అని చెప్పలేను కానీ ఏదో తేడాగా ఉంది. పొద్దున నాడి నా మామూలు కన్నా 7, 8 ఎక్కువ. రాత్రి నిద్ర సరిగా లేదు. ఏం చేస్తాను? అరగంట నడక, రాత్రి 9:30కి పడక. రేపు పొద్దున మళ్ళీ చూస్తాను, అప్పటిదాకా ఏ నిర్ణయమూ తీసుకోను.

ఎరుపు: 100.4 లేదా ఆపైన జ్వరం, ఒళ్ళంతా నొప్పులు, ఛాతీలోంచి దగ్గు, ఆయాసం, విరేచనాలు, వాంతులు. వీటిలో ఒక్కటున్నా చాలు. ఏం చేస్తాను? పరుగు లేదు, జిమ్ లేదు, "కొద్దిగా చెమట పడితే జ్వరం దిగుతుంది" లేదు.

స్పోర్ట్స్ డాక్టర్లు చాలాకాలంగా చెప్పే మెడ లెక్కే ఇది. మెడ పైన ఉన్నంతవరకూ నిదానంగా కదలొచ్చు, మెడ కిందికి దిగితే ఆపాలి. ఎరుపులో ఎందుకంత గట్టిగా ఆపమంటారంటే, కొన్ని వైరస్‌లు గుండె కండరానికి వాపు తెస్తాయి. ఆ సమయంలో గట్టిగా పరుగెత్తితే గుండె లయ తప్పి ప్రాణం మీదికి రావచ్చు. ఇది అరుదే. కానీ ఆ ఒక్క లాంగ్ రన్ కోసం చేయాల్సిన పందెం కాదు.

కాగితం కింద మీరు సంతకం పెట్టి, ఆ "వద్దు" చెప్పగల మనిషి చేత కూడా పెట్టించండి. నవ్వుతారు, నవ్వనివ్వండి. ఫ్రిజ్ తలుపుకి అంటించండి. ఇక అనుమానం వచ్చినప్పుడు మీరు ఆలోచించాల్సిన పని లేదు, ఏ రంగో చూసుకుంటే సరి.

*హెచ్చరిక:* పరుగులో కానీ, జ్వరం తగ్గిన తర్వాత కానీ గుండెల్లో నొప్పి, గుండె దడదడ, కళ్ళు తిరిగి పడిపోవడం ఉంటే కాగితం పక్కన పెట్టి నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి.

3. ప్లాన్‌లో జబ్బుకి ముందే చోటివ్వండి

16 వారాల ప్లాన్‌ని 14 వారాల్లో కుదించి, 6వ వారం తర్వాత ఒకటి, 11వ వారం తర్వాత ఒకటి ఖాళీ వారాలు పెట్టండి. జబ్బు రాకపోతే ఆ వారం తక్కువ దూరాలు నిదానంగా పరుగెత్తండి, ఒంటికి విశ్రాంతి దొరుకుతుంది. వస్తే ఆ వారం దానికి ఖర్చయింది, లెక్క సరి.

రేసుకి ఇక ఆరేడు వారాలే ఉందా? అప్పుడు ఖాళీ వారం దొరకదు. బదులుగా మిగిలిన పరుగుల్లో తప్పకుండా చేయాల్సినవాటికి చుక్క పెట్టండి. ఫుల్‌కి వెళ్ళేవాళ్ళకి మూడు లాంగ్ రన్‌లు, హాఫ్‌కి వెళ్ళేవాళ్ళకి రెండు చాలు. మిగతావేవి పోయినా రేసు పోదు.

ఇక్కడ అందరినీ పీడించే ప్రశ్న: "వారం పరుగెత్తకపోతే ఫిట్‌నెస్ ఎంత పోతుంది?" పది రోజుల లోపైతే పెద్ద తేడా రాదు. బాగా ట్రైనింగ్ ఉన్నవాళ్ళ మీద 1980లలో చేసిన ప్రయోగాల్లో, మూడు వారాలు పూర్తిగా ఆపేస్తే ఒళ్ళు ఆక్సిజన్‌ను వాడుకునే సామర్థ్యం దాదాపు 7 శాతం తగ్గింది. మూడు వారాలు కాలు కదపకపోతే 7 అయితే, నాలుగు రోజులకి ఎంతో మీరే చూసుకోండి. తిరిగి మొదలుపెట్టిన మొదటి రెండు మూడు పరుగులు మాత్రం ఘోరంగా ఉంటాయి. పరుగు ఆపిన కొద్ది రోజులకే రక్తంలో నీటి భాగం కాస్త తగ్గుతుంది, అందుకే గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. అది తొందరగానే సర్దుకుంటుంది. "అయిపోయింది, అంతా పోయింది" అని ఏడ్చేది సరిగ్గా ఆ రెండు మూడు పరుగులప్పుడే.

నమ్మకం చాలకపోతే మన గుంటూరు అబ్బాయి, బ్యాడ్మింటన్ ఆటగాడు కిదాంబి శ్రీకాంత్‌ని గుర్తు చేసుకోండి. 2014 జులైలో మెదడువాపు జ్వరంతో హైదరాబాద్‌లో ఆసుపత్రి పాలయ్యాడు. అదే ఏడాది నవంబర్‌లో చైనా ఓపెన్ ఫైనల్లో ఒలింపిక్ చాంపియన్ లిన్ డాన్‌ను ఓడించాడు. నీరజ్ చోప్రా టోక్యోలో స్వర్ణం గెలిచాక 2021 ఆగస్టులో జ్వరం రావడంతో ఆ సీజన్‌ను అక్కడికే ముగించేశాడు. 2022 జూన్‌లో తిరిగి బరిలోకి దిగిన మొదటి పోటీలోనే 89.30 మీటర్లు విసిరి తన జాతీయ రికార్డు తనే తిరగరాశాడు. వాళ్ళ చుట్టూ డాక్టర్లు, ఫిజియోలు ఉంటారు, నిజమే. మనకి లేరు కాబట్టి మనం ఇంకొంచెం ఎక్కువ రోజులే ఆగాలి.

*తరచూ జరిగే తప్పు:* పోయిన పరుగుల్ని వచ్చే వారంలో కలిపేయడం. మంగళవారానిది బుధవారానికి, ఆదివారానిది సోమవారానికి తోసి, తగ్గిన జలుబుని మళ్ళీ తెచ్చుకోవడం. పోయిన పరుగు పోయినట్టే. గడి మీద అడ్డంగా గీత కొట్టి ముందుకు వెళ్ళండి. పరుగులు నమోదు చేసే స్ట్రావా యాప్‌లో వరస తెగిపోతుందని బాధపడేవాళ్ళకి నా దగ్గర వేరే సలహా లేదు, తెగనివ్వండి.

4. చేయగల జాగ్రత్తలు ఐదు. ఆరోది వద్దు

ఒకటి, నిద్ర. కావాలని ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూసిన ప్రయోగంలో, 7 గంటలకి మించి పడుకున్నవాళ్ళతో పోలిస్తే 6 గంటలు కూడా పడుకోనివాళ్ళకి జలుబు పట్టే అవకాశం నాలుగు రెట్లు పైనే ఉంది. రాత్రి 12కి పడుకుని 4:30కి లేచి నెక్లెస్ రోడ్డుకి బయల్దేరే వీరులకి ఇది చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. అలాంటి రోజు పరుగు తగ్గించి అయినా నిద్రపోండి.

రెండు, చేతులు. బయటి నుంచి రాగానే, తినేముందు సబ్బుతో కడుక్కోవడం, మొహం మీద చేయి పెట్టకపోవడం. మూడు, దోమలు. డెంగీ తెచ్చే దోమ పగటి పూటే కుడుతుంది, ముఖ్యంగా తెల్లవారాక కాసేపు, సాయంత్రం చీకటి పడేముందు. మనం పరుగెత్తే వేళలు అవే. పరుగెత్తేటప్పుడు కన్నా వార్మప్ చేస్తూ, పరుగు అయ్యాక ఫొటోలకి చెట్ల కింద నిలబడినప్పుడు ఎక్కువ కుడతాయి. పిక్కలకి, మోచేతులకి దోమల క్రీమ్ రాసుకుని వెళ్ళండి. ఇంట్లో కూలర్ నీళ్ళు, పూలకుండీల కింద పళ్ళేలు వారానికోసారి పారబోయండి. నాలుగు, లాంగ్ రన్ అవగానే తడి బట్టలు మార్చుకుని, ముప్పావు గంటలోపు కడుపులో ఏదైనా వేయండి. ఇడ్లీ, అరటిపండు, ఉప్మా, ఏదైనా సరే. ఐదు, ఫ్లూ టీకా ఏడాదికోసారి వేయించుకోవచ్చు. వానలకి ముందే డాక్టర్ని అడగండి.

ఇంతే. జాబితా ఇక్కడ ఆపండి. ఆ తర్వాత మీరు చేర్చేవన్నీ, పెళ్ళి భోజనానికి వెళ్ళకపోవడం, పిల్లాడు దగ్గుతుంటే వేరే గదిలో పడుకోవడం, పూటకో విటమిన్ మాత్ర, రోజుకి మూడుసార్లు ఆవిరి, భయం చేర్చే పనులు. మిరియాల పాలు ఇష్టమైతే తాగండి, హాయిగా ఉంటుంది. రేసు కోసమని తాగొద్దు.

5. భయానికి టైమ్ కేటాయించండి

"టెన్షన్ పడకు" అంటే తగ్గేదైతే ఎప్పుడో తగ్గేది. ఇలా చేసి చూడండి.

సాయంత్రం ఒక 15 నిమిషాలు ఖాయం చేసుకోండి, ఉదాహరణకి 7 నుంచి 7:15. పడుకునేముందు మాత్రం వద్దు. పగలు "గొంతు పట్టేసినట్టుందే" అనిపిస్తే ఒక చీటీ మీద ఆ మూడు ముక్కలు రాసి జేబులో వేసుకోండి: "11:20, గొంతు." అంతే. మింగి చూసుకోవద్దు, అద్దంలో నోరు తెరిచి చూడొద్దు, ఎవర్నీ అడగొద్దు. 7 గంటలకి చీటీ తీయండి. రాసినవాటిలో ఇంకా ఉన్నవేవో చూడండి, ఉన్నవాటికి రంగు వేయండి. చాలా చీటీల మీద రాసింది సాయంత్రానికి గుర్తు కూడా ఉండదు. అలాంటివి పారేయకుండా ఒక డబ్బాలో వేయండి, తర్వాత పనికొస్తాయి.

టెంపరేచర్ రోజుకి రెండుసార్లు, అదీ ఒంట్లో తేడా ఉంటేనే. ఏ తేడా లేకపోతే అసలు చూడొద్దు. చూసిన ప్రతిసారీ రెండు నిమిషాల ఊరట దొరుకుతుంది, పావుగంటకి మళ్ళీ చూడాలనిపిస్తుంది. గ్రూపులో "ఇది జలుబేనా?" అని అడగడమూ అంతే. ఇరవై మంది ఇరవై చెప్తారు, అందులో ఒకడు తన పిన్ని కొడుక్కి ఏమైందో చెప్తాడు.

కొన్ని లక్షణాలు భయం కూడా తెస్తుంది, అందుకే తికమక. గొంతు పట్టేసినట్టు ఉండటం, గుండె వేగంగా కొట్టుకోవడం, అరచేతుల్లో చెమట, పొద్దున్నే కడుపులో గడబిడ, రెండుసార్లు బాత్రూమ్, కాళ్ళు తేలిపోతున్నట్టు ఉండటం. టేపర్ రోజుల్లో, అంటే రేసుకి ముందు రెండు మూడు వారాలు పరుగు తగ్గించినప్పుడు, ఇవి మరీ ఎక్కువ. అలసట లేక ఒళ్ళు ఖాళీగా ఉంటుంది, మనసు దాన్ని అణువణువూ వెతుకుతుంది. లేని మోకాలి నొప్పి కూడా అప్పుడే వస్తుంది.

తేడా పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. జ్వరం లేదని చూసుకుని, 15 నిమిషాలు మామూలుగా నడవండి, పక్కన ఎవరితోనైనా పరుగు సంగతి తప్ప ఇంకేదైనా మాట్లాడుతూ. భయమైతే సాధారణంగా నడిచేకొద్దీ సడలుతుంది. జబ్బయితే నడిచేకొద్దీ ఒళ్ళు బరువెక్కుతుంది, ఇంటికెళ్ళి పడుకోవాలనిపిస్తుంది. ఇది నూటికి నూరు పాళ్ళూ పనిచేయదు. తేలకపోతే పసుపు కింద లెక్క, రేపటిదాకా ఆగండి.

6. నిజంగానే పడకేస్తే

కాగితం చూసి రంగు తేల్చుకోండి. ఎరుపైతే ఆ వారం పరుగులన్నిటినీ ఒకేసారి కొట్టేయండి. "బుధవారానికి తగ్గుతుందిలే" అని ఒక్కొక్కటే వాయిదా వేసుకుంటూ పోతే రోజూ కొత్తగా బాధపడాలి. ఒకేసారి కొట్టేస్తే ఒక్కరోజే బాధ.

మందుల విషయంలో రన్నర్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి మూడున్నాయి.

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, అదీ ప్యాకెట్ మీద రాసిన మోతాదు దాటకుండా. కాలి నొప్పులకని మన సంచీలో ఎప్పుడూ ఉండే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఇంకా ఆస్పిరిన్ వానాకాలం జ్వరంలో వేసుకోవద్దు. అది డెంగీ అయితే రక్తస్రావం పెరిగే ప్రమాదం ఉంది. (గుండెకి ఆస్పిరిన్ వాడుతున్నవాళ్ళు సొంతంగా ఆపకండి, డాక్టర్ని అడగండి.)

మందుల షాపులో అడిగి అజిత్రోమైసిన్ తెచ్చుకోవద్దు. జలుబు, వైరల్ జ్వరాల మీద యాంటీబయాటిక్ పనిచేయదు. "రేసు ఉంది, తొందరగా తగ్గాలి" అని అడిగినా వైరస్ వినదు.

ఇక మూడోది చాలామందికి తెలియదు. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు మడమ వెనక నరంలా ఉండే ఎకిలిస్ టెండన్‌ను దెబ్బతీయగలవు. ఒక్కోసారి తెగిపోతుంది కూడా. విరేచనాలకి, మూత్రంలో మంటకి మన దగ్గర వీటిని బాగా రాస్తారు. డాక్టర్ చీటీ రాస్తుండగానే "నేను దూరాలు పరుగెత్తుతాను, వేరేది ఉందా?" అని అడగండి. ఇదే తప్పదంటే వాడండి, కానీ అవి వాడినన్నాళ్ళూ, ఆపాక కొన్ని వారాలూ వేగం పరుగులు వద్దు. మడమ వెనక నొప్పి మొదలైతే పరుగు ఆపేసి డాక్టర్‌కి చెప్పండి.

*హెచ్చరిక, డెంగీ గురించి:* జ్వరం రెండు రోజులు దాటితే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. డెంగీ ఉంటే మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1 అనే రక్తపరీక్షలో సాధారణంగా తెలుస్తుంది. ఇందులో రన్నర్‌ని మోసం చేసేది ఏమిటంటే, జ్వరం తగ్గే రోజులే, అంటే మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, అసలు ప్రమాదం ఉన్న రోజులు. "జ్వరం పోయింది, కాళ్ళు సాగదీద్దాం" అని షూ వేసుకునేది సరిగ్గా అప్పుడే. కడుపులో గట్టి నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం, కళ్ళు తిరగడం, మత్తుగా ఉండటం, వీటిలో ఏదున్నా వెంటనే ఆసుపత్రికి. డెంగీ అని తేలితే తిరిగి ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. ప్లేట్‌లెట్లు మామూలు స్థాయికి వచ్చాక కూడా నీరసం వారాల తరబడి ఉంటుంది. టైఫాయిడ్ అయినా అంతే. ఆ ఏడాది రేసు వదులుకోవడానికి మనసు సిద్ధం చేసుకోండి.

7. తిరిగి మొదలుపెట్టడం

పచ్చ నుంచి అయితే లక్షణాలు తగ్గిన మర్నాడే మామూలు నిదానం పరుగు. ఎరుపు నుంచి అయితే ఇలా:

మాత్ర వేసుకోకుండా 48 గంటలు జ్వరం రాకూడదు. మెట్లెక్కితే ఆయాసం ఉండకూడదు. పొద్దున నాడి మీ మామూలుకి వచ్చుండాలి. మూడూ కుదిరాక మొదటి రోజు 20 నుంచి 30 నిమిషాల నడక. మర్నాడు బాగుంటే 20 నిమిషాల నడక-పరుగు. మూడో రోజు ఖాళీ. ఆ తర్వాత 30 నిమిషాల నిదానం పరుగు. జబ్బు ఎన్ని రోజులుందో దానికి రెట్టింపు రోజులు వేగం జోలికి పోవద్దు. నాలుగు రోజుల జ్వరమైతే ఎనిమిది రోజులు.

నిదానం అంటే ఎంత? పరుగెత్తుతూ పదమూడో ఎక్కం పైకి చెప్పండి. రెండేసి లైన్లు ఊపిరి తిప్పుకోకుండా వస్తే సరి. 13 నాలుగుల దగ్గరే రొప్పితే నడవండి. (ఎక్కం రాక ఆగిపోతే అది వేరే సంగతి.)

*సరిగ్గా జరుగుతోందా:* పరుగెత్తిన రోజు ఎలా ఉందన్నది పట్టించుకోవద్దు, మర్నాడు పొద్దున చూడండి. నాడి మామూలుగా, ఆకలి మామూలుగా ఉంటే ముందుకు. నాడి ఎక్కువగా ఉన్నా, మధ్యాహ్నం కళ్ళు మూతలు పడుతున్నా ఒక మెట్టు వెనక్కి.

8. రేసు వారం: నిర్ణయానికి ఒక రోజు

రేసు ఆదివారమైతే నిర్ణయం శుక్రవారం రాత్రి. అంతకుముందు ఆలోచించొద్దు, ఎందుకంటే బుధవారం జలుబు శుక్రవారానికి ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ఆ రాత్రి కాగితం చూడండి. పచ్చ అయితే వెళ్ళండి, కానీ టార్గెట్ టైమ్ ఇంట్లో వదిలేసి. హైదరాబాద్ రూట్‌లో ఫ్లైఓవర్లు, పైగా ఆగస్టు ఉక్క, జలుబుతో ఉన్నవాడిని వదలవు. ఎరుపు అయితే వెళ్ళొద్దు. శనివారం బాగైపోయినా సరే. శుక్రవారం పచ్చగా ఉండి ఆదివారం తెల్లవారుజామున జ్వరం తగిలితే అప్పుడూ వెళ్ళొద్దు. మాత్ర వేసుకుని జ్వరం దించి స్టార్ట్ లైన్‌లో నిలబడటం ఈ మొత్తంలోకెల్లా చేయకూడని పని.

వెళ్ళకపోతే ఏంటన్నది కూడా ముందే రాసుకోండి. ఫుల్‌కి పేరిచ్చినవాళ్ళు హాఫ్‌కి మార్చుకునే వీలుందేమో రిజిస్ట్రేషన్ నిబంధనల్లో ఇప్పుడే చూడండి. విశాఖ బీచ్ రోడ్డులో జరిగే నేవీ మారథాన్ ఏడాది చివర్లో ఉంటుంది, ముంబై మారథాన్ జనవరిలో. ఆగస్టు పోతే మీ ట్రైనింగ్ అటు మళ్ళుతుంది. రెండో రేసు పేరు కాగితం మీద ఉన్నవాళ్ళకి శుక్రవారం రాత్రి నిద్ర పడుతుంది, ఇది నేను మళ్ళీ మళ్ళీ చూసిన సంగతి.

ఇదంతా పనిచేస్తోందా అని ఎలా తెలుస్తుంది?

నెలకోసారి చీటీల డబ్బా బోర్లించండి. ఎన్ని చీటీలు, అందులో ఎన్ని నిజంగా జబ్బయ్యాయి లెక్కపెట్టండి. భయం పూర్తిగా పోదు, పోవాల్సిన పనీ లేదు. చూడాల్సినవి వేరే ఉన్నాయి. చీటీలు తగ్గుతున్నాయా? జలుబు చేసిన రోజు ఏం చేయాలో తేల్చుకోవడానికి ముందు గంటలు పట్టేది, ఇప్పుడు ఐదు నిమిషాల్లో తేలుతోందా? పిల్లాడు తుమ్మితే దగ్గరికి తీసుకోగలుగుతున్నారా?

రెండు నెలలు చేసినా మార్పు లేకపోతే, రోజులో గంటకి పైగా ఒంటిని వెతుక్కోవడంలోనే పోతుంటే, పరీక్షలన్నీ బాగున్నాయని డాక్టర్ చెప్పినా ఇంకో డాక్టర్ దగ్గరికి పరుగెడుతుంటే, అది పరుగుకి సంబంధించింది కాకపోవచ్చు. సైకాలజిస్ట్‌ని కలవండి, ఇలాంటి ఆరోగ్య భయాలకి వాళ్ళ దగ్గర బాగా పనిచేసే పద్ధతులున్నాయి. ఎవర్ని కలవాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు.